జీతమా, పథకాలా? పిల్లలున్న తల్లి కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క

2025 దసరా ముందు బెజవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపువాళ్ళు బిల్లింగ్ కౌంటర్‌లోకి రమ్మన్నారు, నెలకి 14,000. ఆ మాట మా తెనాలి వీధిలో చెప్పానో లేదో, "వెళ్తే పెన్షన్ పోద్ది, కార్డు పోద్ది, పిల్లల డబ్బులు పోతాయి, ఎందుకు పిల్లా నీకా తిప్పలు" అని ఒకళ్ళు, "పద్నాలుగు వేలు వస్తుంటే నాలుగు వేల పెన్షన్ పట్టుకుని వేళ్ళాడతావేంటి" అని ఇంకొకళ్ళు. ఇద్దరూ లెక్క వెయ్యకుండానే చెప్పారు. నేనూ లెక్క వెయ్యకుండానే భయపడి వద్దన్నాను. ఆ రాత్రి చిన్నవాడి రఫ్ నోట్‌బుక్‌లో కూర్చుని వేశాను చూడండి, అప్పుడర్థమైంది, ఇద్దరి మాటలోనూ సగం సగమే నిజం ఉందని.

ఆ లెక్కే మీకు చెప్తున్నాను. మా ఇంట్లో నేను, ఇంటర్ మొదటి సంవత్సరం పెద్దవాడు, ఏడో తరగతి చిన్నవాడు. మా ఆయన పోయి ఐదేళ్ళయింది. వితంతు పెన్షన్ 4,000, ఇంట్లో జాకెట్లు, ఫాల్స్ కుట్టుకుంటే ఇంకో 3,500. ఇదీ మా పరిస్థితి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. లెక్కంతా ఆంధ్రప్రదేశ్‌లో 2025 నిబంధనలతో, తెలంగాణవాళ్ళకి చివర్లో విడిగా రాశాను.

మొదటి పని: "కుటుంబం" అంటే ఎవరో చూసుకోండి

జీతం సంగతి తర్వాత. ఏ పథకమూ మీ ఒక్కరి ఆదాయాన్ని చూడదు, కుటుంబం మొత్తాన్ని చూస్తుంది. వార్డు సచివాలయం రికార్డులో మీతో పాటు ఎవరెవరి పేర్లు ఉన్నాయో వాళ్ళందరి జీతం, పొలం, కారు, కరెంటు మీటరు కలిపి ఒకే లెక్కలోకి వస్తాయి. మీరు ఉద్యోగంలో చేరితే మీ అత్తగారి వృద్ధాప్య పెన్షన్ మీద కూడా ప్రభావం పడొచ్చు, ఆవిడ మీ కార్డులోనే ఉంటే. అలాగే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మరిది పేరు ఇంకా మీ కార్డులోనే ఉందనుకోండి, మీరు పైసా సంపాదించకపోయినా పథకం ఆగిపోతుంది. ఇలాంటివి మా వార్డులోనే మూడు చూశాను.

అందుకని వార్డు సచివాలయానికి వెళ్ళి వెల్ఫేర్ సెక్రటరీని అడిగి మీ ఇంటి మ్యాపింగ్‌లో ఎవరెవరున్నారో రాసుకోండి. పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపడుచు, వేరే కాపురం పెట్టిన అన్నదమ్ములు, చనిపోయినవాళ్ళు ఇంకా ఉంటే తీయించుకోండి. నిజంగా వేరే ఉంటున్నవాళ్ళని వేరు చేయించుకోవడం తప్పేం కాదు. ఒకే ఇంట్లో ఉంటూ కాగితం మీద విడిపోయే ఆలోచన మాత్రం నేను చెప్పను, ఇంటికొచ్చి చూస్తారు, అప్పుడు ఉన్నది కూడా పోతుంది.

అక్కడ ఉన్నప్పుడే మిగతా షరతులు కూడా చూసుకోండి. సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ అంటారు దీన్ని. కుటుంబ ఆదాయం నెలకి పల్లెలో 10,000, టౌన్‌లో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు, రెండూ ఉంటే కలిపి 10. కరెంటు ఏడాది సగటున నెలకి 300 యూనిట్ల లోపు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే ఫర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై పెన్షన్ తీసుకునేవాళ్ళు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు. టౌన్‌లో సొంత ఇల్లు 1000 చదరపు అడుగులు దాటకూడదు. అద్దె ఇళ్ళవాళ్ళు కరెంటు సంగతి కాస్త గట్టిగా చూసుకోండి, మీ ఆధార్‌కి వేరేవాళ్ళ మీటర్ లింకై ఉంటే ఆ యూనిట్లు మీ నెత్తినే పడతాయి.

రెండో పని: పథకాలని రెండు కుప్పలు చెయ్యండి

జనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. "ఉద్యోగంలో చేరితే అన్నీ పోతాయి" అనుకుంటారు. అన్నీ పోవు. ఒక్కోదానికి ఒక్కో గీత, అంటే ఆదాయ పరిమితి, ఉంది, కొన్నిటికి అసలు గీతే లేదు.

గీత లేనివి ముందు చెప్తాను. ఆడవాళ్ళకి ఉచిత బస్సు, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి, జీతం ఎంతున్నా ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలో గుడ్లు, పాలు, బాలామృతం, వీటికి మీ జీతంతో సంబంధం లేదు. ఉద్యోగం చేస్తే ఇవి ఇంకా ఎక్కువ పనికొస్తాయి, బస్సు సంగతే తీసుకోండి, నేను తెనాలి నుంచి బెజవాడ పోయి రావడానికి అది లేకపోతే ఈ ఉద్యోగం గురించి ఆలోచించేదాన్నే కాదు.

గీత ఎత్తులో ఉన్నవి రెండు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాని గీత ఏడాదికి 5 లక్షలు. అంటే నెలకి 41,000 పైమాట. మా వీధిలో సగం మంది ఆరోగ్యశ్రీ పోతుందనే భయంతోనే పనికి వెళ్ళట్లేదు, పద్నాలుగు వేల జీతం ఆ గీత దరిదాపుల్లోకి కూడా రాదు. రెండోది కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంట్, దాని గీత ఏడాదికి 2.5 లక్షలు.

గీత కిందే ఉన్నవి, పోయేవి: ఎన్టీఆర్ భరోసా పెన్షన్ (నా వితంతు పెన్షన్ ఇదే), తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లికిచ్చే డబ్బు), రైస్ కార్డు, కార్డుతో ఉచితంగా వచ్చే దీపం గ్యాస్ సిలిండర్లు. వీటికి 10,000, 12,000 గీతే. మీ లెక్కలోకి రావాల్సినవి ఈ నాలుగే. వీటి విలువ రాయండి. మాకైతే ఇలా వచ్చింది:

పెన్షన్ నెలకి 4,000.

తల్లికి వందనం, 2025 జూన్‌లో ఒక్కో పిల్లాడికి 15,000 అన్నారు, అందులో 2,000 బడి నిర్వహణకి పోను తల్లి ఖాతాలో పడింది 13,000. ఇద్దరికి 26,000, నెలకి పంచితే 2,167.

బియ్యం మనిషికి 5 కిలోల లెక్కన 15 కిలోలు. దీనికి నేను 500 వేసుకున్నాను. బయట సన్నబియ్యం రేటు వేసుకోకండి, మీరు ఆ బియ్యం నిజంగా వండుకుంటున్నారా, ఇడ్లీ పిండికి వాడుతున్నారా, లేక (చెప్పకూడదు గానీ) కిలో ఇంతని అమ్మేస్తున్నారా, దాన్ని బట్టి వేసుకోండి.

సిలిండర్లు ఏడాదికి మూడు, సుమారు 2,600, నెలకి 217.

మొత్తం 6,884. ఉద్యోగంలో చేరితే నేను వదులుకునేది నెలకి ఇంత. ముందు భయపడినంత పెద్దదీ కాదు, నోటితో కొట్టిపారేసేంత చిన్నదీ కాదు. ఇంకో సంగతి కూడా చూడండి, ఈ 6,884తో ముగ్గురం బతకలేం. కుట్టుపని లేకపోతే మా ఇంటద్దె కూడా గడవదు. పథకాల మీద కూర్చుని తింటున్నారని టీవీల్లో వాదించేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూస్తే బాగుండు.

మూడో పని: జీతం కాదు, చేతికొచ్చేది రాయండి

షాపువాళ్ళు 14,000 అంటారు. అందులో ఏం కోస్తారో అడగండి. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, 0.75 శాతం, మొత్తం జీతం మీద, అంటే 105 రూపాయలు. పీఎఫ్ (భవిష్య నిధి) బేసిక్ మీద 12 శాతం, మాకు బేసిక్ 9,000 అన్నారు కాబట్టి 1,080. వృత్తి పన్ను 15,000 దాకా లేదు, దాటితే నెలకి 150, ఇరవై వేలు దాటితే 200. చేతికి 12,815.

నాగా పెడితే ఎంత కోస్తారో కూడా అడగండి. పిల్లలున్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే పిల్లాడికి జ్వరం వచ్చినప్పుడల్లా మీకే నాగా. నెలకి ఎన్ని జీతంతో సెలవులు, వారం సెలవు ఆదివారమా లేక వేరే రోజా, ఆషాఢం సేల్స్‌కీ దసరా సంక్రాంతికీ రాత్రి ఎన్నింటిదాకా ఉంచుతారు, ఆ అదనపు గంటలకి డబ్బులిస్తారా లేక బిర్యానీ పొట్లం ఇచ్చి పంపిస్తారా. ఇవన్నీ సిగ్గుపడకుండా చేరకముందే అడగాలి, చేరాక అడిగితే "ఈవిడ మొదటి నెలే మొదలెట్టింది" అంటారు.

నాలుగో పని: ఉద్యోగానికి మీరు పెట్టే ఖర్చు

ఉద్యోగం చెయ్యడానికి కూడా డబ్బులు అవుతాయి, దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. బస్సు ఉచితమే గానీ బస్టాండు నుంచి షాపుదాకా షేర్ ఆటో, పోను 20 రాను 20, నెలకి 26 రోజులు, 1,040. చిన్నవాడు బడి నుంచి నాలుగింటికి వస్తాడు, నేను ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. పక్కవీధిలో ట్యూషన్ చెప్పే మాస్టారమ్మ ఎనిమిదిన్నర దాకా ఉంచుకుంటానంది, ట్యూషనూ కాపలా కలిపి 1,500. టీ, టిఫిన్ ఎంత మానుకున్నా 500. చీరలు, చెప్పులు నెలకి పంచితే 300. మొత్తం 3,340.

ఇంకోటుంది. ఇప్పటిదాకా ఇంట్లో చేసుకుంటున్న పని పోతుంది. నా కుట్టుపని 3,500 నుంచి ఆదివారం ఒక్కరోజు పనికి పడిపోతుంది, 1,500 వస్తే గొప్ప. అంటే 2,000 నష్టం. మీకు ఇంట్లో పాడి ఉందనుకోండి, లేదా ఉపాధి హామీ పనికి వెళ్తున్నారనుకోండి, ఆ కూలీ కూడా ఇక్కడ రాసుకోవాలి.

డబ్బులు కానివి కూడా ఒక పక్కన రాయండి. నేను రాసుకున్నవి: పొద్దున్న నాలుగున్నరకి లేవాలి, రోజంతా నిలబడాలి, పెద్దవాడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్ళు లేరు. వీటికి రూపాయలు వెయ్యలేం గానీ రాయకపోతే తర్వాత ఉద్యోగం మానేసేది వీటి వల్లే.

ఐదో పని: కలిపి చూడండి, గుంట ఎక్కడుందో తెలుస్తుంది

చేతికొచ్చేది 12,815. ఖర్చులు 3,340 పోతే 9,475. పోయిన కుట్టుపని 2,000 తీస్తే 7,475. పోయిన పథకాలు 6,884 తీస్తే మిగిలింది 591 రూపాయలు.

నెలంతా నిలబడి పనిచేస్తే మా ఇంటికి అదనంగా వచ్చేది 591. ఆ రాత్రి ఈ అంకె చూసి నవ్వొచ్చింది. వీధిలో మొదటామె గెలిచిందనుకున్నాను.

కానీ అక్కడే ఆపకండి. ఇదే కాగితం మీద వేరే జీతాలు కూడా వేసి చూడండి, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. అదే షాపు, అదే ఆటో, జీతం మాత్రం 10,000 అనుకోండి. ఆదివారం కుట్టుపని 1,500 కలిపినా 11,500, టౌన్ గీత 12,000 లోపే, కాబట్టి పథకం ఒక్కటీ పోదు. బేసిక్ 6,500 అనుకుంటే కోతలు పోను చేతికి 9,145, ఖర్చులు, కుట్టుపని నష్టం తీస్తే 3,805 మిగులుతుంది. చూశారా, 14,000 జీతం కంటే 10,000 జీతానికే ఇంట్లో నెలకి 3,214 ఎక్కువ మిగులుతోంది. వింతగా ఉంటుంది గానీ గీత దగ్గర అన్నీ ఒకేసారి తెగిపోతే ఇలాగే అవుతుంది. మెల్లగా తగ్గించరు, వంద రూపాయలు దాటినా మొత్తం పోతుంది.

మరి పైకి పోతే? 17,700 దగ్గర మళ్ళీ ఆ 3,800 వస్తుంది. అంటే మా ఇంటికి జీతం 10,500 (కుట్టుపని 1,500తో కలిపి 12,000) దాటినప్పటి నుంచి 17,700 దాకా ఒక గుంట. ఆ గుంటలో ఉన్న ఏ జీతమైనా గీత కింద ఉన్న ఆ 10,000 జీతం కంటే తక్కువ మిగులుస్తుంది. గుంట దాటాక మాత్రం ప్రతి రూపాయి పెంపులో తొంభై పైసల పైన మన ఇంటికే.

మీ గుంట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనుక్కోవడమే ఈ లెక్కంతటికీ అసలు ఉద్దేశం. మొదలు మీ గీత దగ్గరే, కుట్టుపని లాంటి చిన్న ఆదాయాలు కలుపుకుని. చివర ఎక్కడంటే, గీత కింది జీతంతో మిగిలేదీ పథకాలన్నీ పోయాక మిగిలేదీ సమానమయ్యే చోట. పెన్షన్ లేని ఇల్లయితే, అంటే భర్త ఉన్న మామూలు కుటుంబమైతే, పోయేది తల్లికి వందనం, బియ్యం, సిలిండర్లే కాబట్టి గుంట చాలా చిన్నది, చాలామంది అడుగేస్తే దాటేస్తారు. వికలాంగ పెన్షన్ 6,000 ఉన్న ఇల్లయితే పెద్దది.

ఆరో పని: రూపాయల్లో కనపడనివి కలపండి

ఇక్కడే నా మనసు మారింది.

పది మంది, ఆ పైన పనిచేసే షాపులో 21,000 లోపు జీతం ఉంటే ఈఎస్ఐ వస్తుంది. మన 0.75 శాతానికి యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఆస్పత్రి మనకే కాదు, పిల్లలకీ. మనకి జబ్బు చేసి పనికి పోలేకపోతే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, ఆరు నెలల కాంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజులకి డబ్బు కట్టి ఉండాలి. షాపుకి వెళ్తూ వస్తూ దారిలో దెబ్బ తగిలినా వర్తిస్తుంది. ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారేమో, ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కి డబ్బు కడుతుంది, మంచాన పడ్డ రెండు నెలలు ఇంట్లో అన్నం ఎవరు పెడతారు? మా ఆయన జబ్బులో మాకు ఆస్పత్రి బిల్లు కంటే ఆ ఇంటి ఖర్చే అప్పుల్లోకి తోసింది.

పీఎఫ్ సంగతి. మన 12 శాతంతో పాటు యజమాని కూడా 12 శాతం కడతాడు, అందులో 8.33 పెన్షన్ ఫండుకి, మిగతాది మన ఖాతాలోకి. 2024-25కి వడ్డీ 8.25 శాతం. పదేళ్ళ సర్వీసు నిండితే పెన్షన్. అంతకంటే ముఖ్యం, సర్వీసులో ఉండగా మనం పోతే పిల్లలకి 25 ఏళ్ళు వచ్చేదాకా నెలనెలా పెన్షన్, పైన ఇన్సూరెన్స్ డబ్బు, ఏడాది సర్వీసు దాటితే కనీసం 2.5 లక్షలు, గరిష్ఠం 7 లక్షలు. తండ్రి లేని పిల్లల తల్లిగా నాకు ఈ వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. వితంతు పెన్షన్ నాతోనే పోతుంది, పిల్లలకి రాదు.

అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను. "పీఎఫ్, ఈఎస్ఐ లేకుండా చేతికి కాష్ ఇచ్చేస్తాను, నీ పథకాలూ పోవు" అని యజమాని అంటే, అది మన మీద ప్రేమ కాదు, ఆయన కట్టాల్సింది మిగుల్చుకోవడం. దొరికితే పథకం పోవడం మనకి, మిగిలేది ఆయనకి. జనం చేస్తున్నారు, నాకు తెలుసు, వాళ్ళని తప్పుపట్టే స్థితిలో నేను లేను, కానీ కాష్‌కి ఒప్పుకున్న పదేళ్ళ తర్వాత చూసుకుంటే చేతిలో అనుభవం తప్ప కాగితం ముక్క ఉండదు.

ఏడో పని: రెండేళ్ళు ముందుకి జరిపి మళ్ళీ వెయ్యండి

తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. నా పెద్దవాడి ఇంటర్ 2027లో అయిపోతుంది, అప్పుడు ఆ 13,000 ఉద్యోగం చేసినా చెయ్యకపోయినా రాదు. పిల్లలు పెద్దవుతున్నకొద్దీ పథకాల విలువ తగ్గుతుంది, జీతం (నెమ్మదిగానే అయినా) పెరుగుతుంది. ఈ నెల లెక్క మాత్రమే చూసి వద్దనుకున్నవాళ్ళు నలభై ఐదో ఏట పనికోసం వెతుక్కుంటుంటే "అనుభవం ఉందా అమ్మా" అని అడుగుతున్నారు, మా వదినని అలాగే అడిగారు.

పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే మాత్రం లెక్క తిరగబడుతుంది. మూడేళ్ళలోపు బిడ్డని చూడటానికి మనిషిని పెట్టుకుంటే ఈ జీతాల్లో సగం అక్కడికే పోతుంది, అమ్మో అత్తో ఉంటే తప్ప. మూడు దాటాక అంగన్‌వాడీ ఉంది గానీ అది సాయంత్రం షాపు మూసేదాకా ఉండదు. అప్పుడు దగ్గర్లో సగం రోజు పని, గీత లోపు, అదే మంచిది. ఇందులో మొహమాటం ఏం లేదు.

ఎనిమిదో పని: యజమానితో బేరం

గుంట అంచు తెలిశాక బేరం ఆడటం తేలిక. "ఇంకొంచెం ఇవ్వండి సార్" అని అడిగితే ఎవరూ ఇవ్వరు. నేను కాగితం తీసుకెళ్ళి, "సార్, మీ పద్నాలుగు వేలకి నాకు మిగిలేది ఆరొందలు, పద్దెనిమిది అయితే వస్తాను" అన్నాను. ఆయన కాగితం చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. మీ లెక్కలు బాగున్నాయి, బిల్లింగ్‌తో పాటు స్టాక్ కూడా చూస్తారా అన్నాడు. 16,000 దగ్గర ఆగింది, పీఎఫ్, ఈఎస్ఐతో, వారం సెలవు ఆదివారం. డబ్బు పెంచరంటే సమయం అడగండి. రాత్రి తొమ్మిదికి కాకుండా ఏడింటికే ఇల్లు చేరేలా వదిలితే ట్యూషన్ కాపలా ఖర్చు తగ్గుతుంది, అది జీతం పెరిగినట్టే.

16,000కి లెక్క: చేతికి 14,494, అన్నీ పోను మిగిలేది 2,270, పీఎఫ్ ఖాతాలో నాదీ వాళ్ళదీ కలిపి నెలకి 1,614. గుంట ఇంకా పూర్తిగా దాటలేదు, తెలుసు. అయినా ఒప్పుకున్నాను, పైన చెప్పిన పిల్లల వాక్యం కోసం.

తొమ్మిదో పని: చేరాక చెయ్యాల్సినవి

అపాయింట్‌మెంట్ కాగితం తీసుకోండి, లేదంటే కనీసం జీతం బ్యాంకులో పడేలా చూసుకోండి. మొదటి నెలలోనే పీఎఫ్‌కి సంబంధించిన యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ ఇన్సూరెన్స్ నంబరు అడిగి తీసుకోండి, పిల్లల పేర్లు, ఫొటోలు ఈఎస్ఐలో ఎక్కించండి, పీఎఫ్‌లో నామినీ పెట్టండి. మీ జీతంలో కోసి ఖాతాలో కట్టకపోవడం కూడా జరుగుతుంది, నాకు వెనక ఒకచోట నాలుగు నెలలు అలాగే అయింది, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ నెలనెలా చూసుకోవడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

సచివాలయంలో ఆదాయం మారిందని చెప్పండి. మా వీధిలో చెప్పినవాళ్ళు తక్కువే. కానీ పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు అన్నీ మన ఆధార్‌తోనే ఉన్నాయి, ఎప్పుడు ఎవరు చూస్తారోనని టెన్షన్ పడుతూ బతకడం నా వల్ల కాదు. ఒకటో తారీఖున పెన్షన్ ఇవ్వడానికి వచ్చే సచివాలయం అబ్బాయితోనే చెప్పాను, "అక్కా, ఇలా ఎవరూ చెప్పరు, అప్లికేషన్ ఏది పెట్టాలో నాకే తెలీదు, కనుక్కుని వస్తాను" అన్నాడు. ఉద్యోగం పోతే మళ్ళీ దరఖాస్తు చెయ్యాలంటే పాత కాగితాలన్నీ కావాలి, భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ సర్టిఫికెట్, పెన్షన్ ఐడీ అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. మళ్ళీ రావడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పడేదాకా కొత్త చీటీలు, కొత్త ఈఎంఐలు మొదలుపెట్టకండి. సచివాలయం దాకా వెళ్ళలేని రోజుల్లో ప్రభుత్వం వాట్సాప్ సేవ మన మిత్ర, 9552300009, సర్టిఫికెట్ల పనులకి బాగానే పనిచేస్తోంది.

తెలంగాణవాళ్ళకి

పద్ధతి ఇదే, గీతలు వేరు. రేషన్ కార్డుకి పల్లెలో ఏడాదికి 1.5 లక్షలు, టౌన్‌లో 2 లక్షలు, అంటే నెలకి 12,500, 16,600 చుట్టూ, మాకంటే కొంచెం పైన. వితంతు ఆసరా పెన్షన్ 2,016 కాబట్టి పోయేది కూడా తక్కువ. కానీ కార్డుతో ముడిపడ్డవి ఎక్కువ, మనిషికి 6 కిలోల సన్నబియ్యం, 500కి సిలిండర్, 200 యూనిట్ల లోపు జీరో కరెంటు బిల్లు. కరెంటు బిల్లు విలువ రాయడం మర్చిపోకండి, అది నెలనెలా మిగిలే డబ్బు. బస్సు 2023 డిసెంబరు నుంచే ఉచితం, దానికి జీతంతో పని లేదు. మొత్తం మీద అక్కడ గుంట చిన్నది, పదిహేను వేల ఉద్యోగానికి ఇక్కడంత ఆలోచించక్కర్లేదని నా అంచనా.

ఇక మా ఇంటి సంగతి. 2027 జూన్‌లో పెద్దవాడి 13,000 లెక్కలోంచి పోతుంది కాబట్టి నా గుంట చివర 17,700 నుంచి 16,500 దగ్గరికి జరుగుతుంది. అప్పటికి జీతం ఒక్క అయిదొందలు పెరిగితే చాలు. కానీ వాడు డిగ్రీలో గానీ ఇంజినీరింగ్‌లో గానీ చేరితే ఇంకో గీత మొదలవుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌ది, 2.5 లక్షలు. నా జీతం, ఆదివారం కుట్టుపని కలిపి ఇప్పుడు 2.1 లక్షలు. నెలకి 20,800 దాటామంటే కాలేజీ ఫీజు మొత్తం మన మీద పడుతుంది, అది ఈ గుంట కంటే చాలా లోతు. ఆ పేజీ నోట్‌బుక్‌లో ఖాళీగా వదిలిపెట్టాను, వాడికి సీటు ఎక్కడొస్తుందో, ఫీజు ఎంతో తెలిశాక వెయ్యాలి.